ప్రీమియం రూపాయి శివారు దాకా చేరుతుందా? ఆరోగ్య బీమాపై ఊరి చర్చకు సిద్ధం కావడం ఎలా

గ్రామసభలో గానీ, పంచాయతీ అరుగు మీద గానీ ప్రభుత్వ వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ ప్రస్తావన వస్తే ఇప్పుడు గోదావరి డెల్టా ఊళ్లలో రెండు మాటలు ఎదురెదురుగా నిలబడుతున్నాయి. ‘బీమా కంపెనీ చేతిలో పెడితే ఆసుపత్రులకు డబ్బు వేళకు అందుతుంది, మనల్ని గుమ్మం దగ్గర నుంచి తిప్పి పంపరు’ అన్నది ఒకటి. ‘పేదవాడి వైద్యాన్ని కంపెనీల లాభానికి అప్పగిస్తున్నారు’ అన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కాని పార్టీ జెండాల నీడలో ఆ నిజం ఎవరికీ కనిపించడం లేదు. అలాంటి చర్చకు వెళ్లే సామాన్యుడు ముందుగా ఏమి తెలుసుకోవాలో, ఏ కాగితాలు వెంట పెట్టుకోవాలో, ఏ ప్రశ్న అడిగితే ఎదుటివారు జవాబు చెప్పక తప్పదో నాకు తెలిసినంతలో ఇక్కడ రాస్తున్నాను.

ఏ బీమా గురించి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకోవాలి

వాదన దారి తప్పడానికి మొదటి కారణం ‘బీమా’ అన్న ఒక్క మాటతో మూడు వేర్వేరు సంగతులను పిలవడమే. ప్రభుత్వం తన ఖజానా నుంచి, తానే పెట్టిన ట్రస్టు ద్వారా నేరుగా ఆసుపత్రికి చెల్లించేది ఒక పద్ధతి. ఇందులో కంపెనీ ఉండదు కాబట్టి నిజానికి ఇది బీమా కాదు, పూచీ మాత్రమే. కుటుంబానికి ఇంత అని ప్రభుత్వం కంపెనీకి ప్రీమియం కట్టి, చికిత్స బిల్లులను కంపెనీ చేత చెల్లింపజేసేది రెండో పద్ధతి. మన జేబులోంచి కట్టి కొనుక్కునే పాలసీ మూడోది. మూడో దానిలో క్లెయిము తిరస్కరించారన్న కోపంతో మొదటి దాన్ని తిట్టేవారినీ, మొదటి దానిలో గుండె ఆపరేషన్ ఉచితంగా జరిగిందన్న కృతజ్ఞతతో రెండో దాన్ని సమర్థించేవారినీ ఒకే సభలో చూడవచ్చు. కనుక ఎవరైనా మాట్లాడటం మొదలుపెట్టగానే, ‘ఏ కార్డు మీద, ఎవరు డబ్బు కట్టిన సంగతి చెబుతున్నారండీ?’ అని మర్యాదగా అడగండి. సగం తగాదా అక్కడే తీరిపోతుంది.

మన ఆంధ్రప్రదేశ్ చరిత్ర కూడా చేతిలో ఉండాలి, ఎందుకంటే ఈ చర్చ కొత్తదని అందరూ అనుకుంటున్నారు గాని కాదు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు అది బీమా కంపెనీ ద్వారానే నడిచింది. 2008లో వచ్చిన ఆరోగ్యశ్రీ–2 చికిత్సలను ట్రస్టు నేరుగా చేపట్టింది. ఆ తరువాత కంపెనీ పాత్ర క్రమంగా తప్పుకొని పథకం మొత్తం ట్రస్టు చేతికి వచ్చింది. పేరు ప్రభుత్వాలతో పాటు మారుతూ ఎన్టీఆర్ వైద్య సేవ దాకా వచ్చింది, 2 లక్షల రూపాయలతో మొదలైన పరిమితి 2023 చివరికి 25 లక్షలకు పెరిగింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన సార్వత్రిక ఆరోగ్య విధానం 2.5 లక్షల వరకు బీమా కంపెనీల ద్వారా, ఆపైన 25 లక్షల వరకు ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు ద్వారా చెల్లించే మిశ్రమ పద్ధతిని ముందుకు తెచ్చింది. అంటే మనం ఎప్పుడూ వెళ్లని దారికి కాదు, ఒకసారి వెళ్లి తిరిగి వచ్చిన దారికే మళ్లీ వెళుతున్నాం. ‘అప్పుడు కంపెనీని ఎందుకు వదులుకున్నాం, ఇప్పుడు ఎందుకు పిలుస్తున్నాం?’ అన్న ప్రశ్నకు ఏ పార్టీ వారు వచ్చినా జవాబు చెప్పవలసిందే.

ట్రస్టు పద్ధతి లోపాన్ని దాచిపెట్టి వాదించకండి. బకాయిలు పేరుకుపోయాయని, పథకంలో చేరిన (నెట్‌వర్క్) ఆసుపత్రులు 2025 అక్టోబరులో సేవలు నిలిపివేసిన సంగతి సభలో అందరికీ గుర్తుంటుంది. ప్రభుత్వం డబ్బు ఆలస్యం చేస్తే దాని బాధ రోగి మీద పడుతుంది. నా మొగ్గు ట్రస్టు వైపే, అయితే నిధులు వేళకు విడుదల చేయని ట్రస్టును వెనకేసుకొచ్చే ఓపిక నాకు లేదు. అదే సమయంలో, ట్రస్టుకు వేళకు డబ్బు ఇవ్వలేని ఖజానా కంపెనీకి ప్రీమియం మాత్రం వేళకు ఎలా ఇస్తుందన్న ప్రశ్న కూడా అడగదగినదే. ప్రీమియం ఆగితే కంపెనీ చెల్లింపు కూడా ఆగుతుంది.

రూపాయి వెంట నడవండి

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచీ డెల్టా రైతుకు తెలిసిన లెక్క ఒకటుంది: తలకాలువలో వదిలిన నీరు ఎంత అన్నది కాదు, శివారు చేనుకు చేరిన నీరు ఎంత అన్నదే లెక్క. ఆరోగ్య బీమాను కూడా అదే కన్నుతో చూడాలి. ప్రీమియంగా బయలుదేరిన 100 రూపాయల్లో రోగి చికిత్సకు చేరేది ఎంత, మధ్యలో కమిషన్లకు, ప్రకటనలకు, కార్యాలయాలకు, లాభానికి పోయేది ఎంత అన్నదాన్ని పట్టుకుంటే చర్చ ఆవేశం నుంచి అంకెల మీదికి వస్తుంది.

ఆ అంకెలు రహస్యమేమీ కాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఏటా ప్రచురించే వార్షిక నివేదికలో, కంపెనీలు ఆర్జించిన ప్రీమియంలో క్లెయిములకు అయిన ఖర్చు ఎంత శాతమో ఉంటుంది. 2023–24లో ఆరోగ్య బీమాపై ప్రభుత్వ రంగ కంపెనీలకు ప్రతి 100 రూపాయల ప్రీమియానికి 100 రూపాయల పైచిలుకు క్లెయిములు వచ్చాయి. ఆరోగ్య బీమా ఒక్కటే వ్యాపారంగా పెట్టుకున్న ప్రైవేటు కంపెనీల విషయంలో అది 65 రూపాయల దరిదాపుల్లోనే ఉంది. ఈ అంకెను సభలో చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ప్రభుత్వ రంగ కంపెనీల దగ్గర ఉద్యోగుల సామూహిక పాలసీలు ఎక్కువ, వాటిలో క్లెయిములూ ఎక్కువ; విడిగా పాలసీ కొనే కుటుంబాలకు అమ్మే కంపెనీకి కమిషను ఖర్చు ఎక్కువ. కాబట్టి 65 అన్న అంకె ఒక్కటే దోపిడీకి రుజువు కాదు. మిగిలిన 35 రూపాయలు ఎటు పోయాయో అడగడానికి మాత్రం అది చాలినంత కారణం.

మన దేశంలో నియమం ఎలా ఉందో కూడా చూడండి. కమిషన్లతో కలిపి నిర్వహణ ఖర్చు ప్రీమియంలో సాధారణ బీమా కంపెనీలకు 30 శాతం, ఆరోగ్య బీమా మాత్రమే చేసే కంపెనీలకు 35 శాతం దాటకూడదని 2023లో ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. చికిత్సకు కనీసం ఇంత చేరి తీరాలని చెప్పే నిబంధన కాదిది, ఖర్చుకు పైహద్దు గీసినది మాత్రమే. కాకినాడ నుంచో తణుకు నుంచో అమెరికా వెళ్లిన పిల్లలున్న ఇళ్లలో అడిగితే అక్కడి లెక్క తెలుస్తుంది: 2010 మార్చి 23న అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన చట్టం ప్రకారం బీమా కంపెనీ తన ప్రీమియం రాబడిలో వ్యక్తిగత, చిన్న సంస్థల పాలసీలకైతే కనీసం 80 శాతం, పెద్ద సంస్థల పాలసీలకైతే 85 శాతం వైద్యానికీ దాని నాణ్యతకూ ఖర్చు చేయాలి, చేయకపోతే తేడాను తిరిగి చెల్లించాలి. వైద్యం అంత ఖరీదైన దేశం, కంపెనీల పలుకుబడి అంత బలంగా ఉన్న దేశం కూడా ఆ గీత గీయగలిగింది. మన పథకం విషయానికి వస్తే, కేంద్ర ఆరోగ్య పథకం ఆయుష్మాన్ భారత్‌లో బీమా పద్ధతిని ఎంచుకున్న రాష్ట్రాల కోసం కేంద్రం తయారుచేసిన నమూనా ఒప్పందంలో, క్లెయిములు తక్కువైనప్పుడు నిర్వహణ వాటా పోను మిగిలిన ప్రీమియాన్ని కంపెనీ ప్రభుత్వానికి వాపసు చేసే ఏర్పాటు ఉంది. మన రాష్ట్ర ఒప్పందంలో ఆ నిబంధన ఏ శాతంతో ఉంది, వాపసు వచ్చిన డబ్బు ఏ పద్దులో జమ అవుతుంది అన్నవే సభలో మొదట అడగవలసిన రెండు ప్రశ్నలు.

‘కాదు’ అనే అధికారం ఎవరిది

రూపాయి తరువాత చూడవలసింది ఇదే. ఏ పద్ధతిలోనైనా చికిత్సకు ముందు అనుమతి తీసుకోవాలి, ఎవరో ఒకరు కాదనవచ్చు. ట్రస్టు వైద్యుడు కాదంటే అతని జీతంలో పైసా పెరగదు. కంపెనీ కాదంటే ఆ డబ్బు కంపెనీ దగ్గరే మిగులుతుంది. ఈ తేడా ఉన్నంత మాత్రాన కంపెనీ చేసే ప్రతి తిరస్కరణా అన్యాయమని నేను అనను. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు చేసిన ఆసుపత్రుల మీద మన రాష్ట్రంలోనే ఎంత గొడవ జరిగిందో పెద్దవారికి గుర్తుంది, అలాంటి బిల్లులను ఎవరో ఒకరు కాదనాల్సిందే. అడగవలసినది తిరస్కరించేటప్పుడు పాటించవలసిన పద్ధతి గురించి: కారణం తెలుగులో రాసి ఇస్తారా, ఎన్ని గంటల్లో ఇస్తారు, దాని మీద అప్పీలు వినేది కంపెనీ మనిషా, ప్రభుత్వ వైద్యుడా, జిల్లాలోనే వింటారా, ఆలస్యానికి కంపెనీ మీద జరిమానా ఉందా?

సొంతంగా కొన్న పాలసీల విషయంలో నియమాలు ఇప్పటికే కొంత మెరుగయ్యాయి. 2024 మే నెలలో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ (రోగి ముందుగా డబ్బు కట్టనక్కరలేని చికిత్స) అనుమతిపై గంటలోగా, డిశ్చార్జి సమయంలో తుది అనుమతిపై మూడు గంటల్లోగా నిర్ణయం చెప్పాలి. సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా క్లెయిము తిరస్కరించకూడదు. పాలసీ వరుసగా 60 నెలలు నడిచాక, మోసం రుజువైతే తప్ప, పాత జబ్బు దాచారన్న పేరుతో క్లెయిము కాదనడానికి వీల్లేదు. ‘సొంత డబ్బుతో కొన్నవాడికి ఇచ్చిన ఈ గడువులు ప్రభుత్వ ప్రీమియంతో చేరిన పేదవాడికి కూడా ఒప్పందంలో రాశారా?’ అని అడిగి చూడండి. కాదని చెప్పడం ఎవరికీ సులభం కాదు.

కంపెనీ మాట ఎవరి నోట వస్తుందో గమనించండి

పలుకుబడి అంటే ఢిల్లీలో ఎక్కడో తలుపుల వెనక జరిగేదని అనుకుంటాం, అది మన వీధి చివరికి కూడా వస్తుంది, మంచి మాట రూపంలో వస్తుంది. అమెరికాలో 1993–94లో అధ్యక్షుడు క్లింటన్ ఆరోగ్య సంస్కరణ తెచ్చినప్పుడు, అక్కడి ఆరోగ్య బీమా కంపెనీల సంఘం హ్యారీ, లూయీజ్ అనే మధ్యతరగతి భార్యాభర్తల పాత్రలతో టీవీ ప్రకటనలు వేయించింది. ఇంట్లో కూర్చుని బిల్లులు చూసుకుంటూ ‘ప్రభుత్వం మన ఎంపికను లాగేసుకుంటుందేమో’ అని దిగులు పడే ఆ దంపతులను చూసినవారికి మాట్లాడుతున్నది కంపెనీ అనిపించలేదు, పక్కింటివారనిపించింది. 1994 సెప్టెంబరు నాటికి ఆ సంస్కరణ వీగిపోయింది. దానికి ప్రకటనలు ఒక్కటే కారణం కాదు గాని, సామాన్యుడి గొంతుతో కంపెనీ ఎలా మాట్లాడగలదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2009లో ప్రభుత్వమే ఒక బీమా నడిపి కంపెనీలతో పోటీ పడాలన్న ప్రతిపాదన వస్తే, అది కూడా సెనేట్ బిల్లులో చివరిదాకా నిలవలేదు.

మన దగ్గర కంపెనీకి ప్రకటన కన్నా చుట్టరికమే ఎక్కువ పనికొస్తుంది. డెల్టాలో ఏ ఇంటికైనా ఒక బీమా ఏజెంటు బాబాయో, మేనమామో ఉంటాడు. ఆయన మంచివాడు కూడా, ఆపదలో ఆసుపత్రికి వచ్చి నిలబడేవాడు. అయినా ఆయన సభలో మాట్లాడితే, ‘బాబాయ్ గారూ, మీరు చెప్పినదంతా విన్నాం, ఈ పాలసీల మీద మీకు కమిషను వస్తుందన్న సంగతి కూడా అందరికీ చెబితే బాగుంటుందండీ’ అని నవ్వుతూ అడగాలి. ఆసుపత్రి తరఫున వచ్చినవారినీ, పార్టీ తరఫున వచ్చినవారినీ ఇదే ప్రశ్న ఇదే గొంతుతో అడగాలి. ఒక్కరినే అడిగితే అది చర్చ కాదు, పగ. గోదావరి వాళ్ల ‘ఆయ్’ అన్న మర్యాద ఇలాంటి చోటే అక్కరకు వస్తుంది.

కాగితం లేని కోపం నిలవదు

ఇది నేను నా పొరపాటుతో నేర్చుకున్నాను. చెరువుల మీద రొయ్యలు వేసే మా అన్నయ్య ఒక వానాకాలం డెంగీతో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు; పదేళ్లుగా ప్రీమియం కడుతున్న పాలసీ ఉంది కదా అనుకుంటే, ఇంటి దగ్గరే తగ్గే జ్వరానికి చేరనక్కరలేదంటూ క్లెయిము తిప్పి పంపారు. ఆ నెలలో జరిగిన సభలో నేను లేచి గట్టిగా మాట్లాడాను. వెనక నుంచి ఒక పెద్దమనిషి, ‘ప్లేట్‌లెట్లు ఎంత పడ్డాయి, ఏ తేదీన చేరారు, తిరస్కరణ ఉత్తరంలో ఏ నిబంధన రాశారు?’ అని అడిగారు. నా దగ్గర ఒక్కటి కూడా లేదు. ఆ రోజు నేను కూర్చున్న తీరు ఇప్పటికీ మరిచిపోలేదు.

అందుచేత చర్చకు నెల రోజుల ముందు నుంచే ఊళ్లో జరిగిన పది పదిహేను సంగతులు నోటు పుస్తకంలో రాసుకోండి. చేరిన తేదీ, అనుమతి అడిగిన సమయం, అనుమతి వచ్చిన సమయం, ప్యాకేజీ సొమ్ము, పథకం ఉన్నా రోగి చేతి నుంచి కట్టించుకున్న సొమ్ము, దానికి రసీదు ఇచ్చారా లేదా అన్నవి ప్రతి దానికీ ఉండాలి. బిల్లు, డిశ్చార్జి సమ్మరీ, తిరస్కరణ ఉత్తరం ఫోటో తీసి పెట్టుకోండి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో పథకం తరఫున రోగికి సాయపడే ఆరోగ్యమిత్ర ఉంటారు, ఫిర్యాదుకు 104 ఉంది. అక్కడ చెప్పి ఉంటే ఆ తేదీ కూడా రాయండి. అన్నీ చెడ్డ అనుభవాలే ఏరుకోకండి, సజావుగా జరిగినవి కూడా ఉంటేనే మీ పుస్తకాన్ని ఎదుటివారు నమ్ముతారు. ఇంకొక మాట: సభలో రోగి పేరు, జబ్బు పేరు కలిపి చదవకూడదు. ఊరు చిన్నది, పెళ్లికావలసిన పిల్లలుంటారు.

సమాచార హక్కును వాడండి

ప్రైవేటు కంపెనీ దగ్గరకు నేరుగా సమాచార హక్కు దరఖాస్తు పెట్టలేం. ప్రభుత్వం కంపెనీతో చేసుకున్న ఒప్పందం మాత్రం ప్రభుత్వం దగ్గర ఉంటుంది, దాన్ని అడగవచ్చు. 2005 నాటి చట్టం కింద మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దరఖాస్తును ట్రస్టు ప్రధాన కార్యాలయంలోని ప్రజా సమాచార అధికారికి పంపండి. సంబంధం లేని కార్యాలయానికి చేరినా వారే 5 రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.

ప్రశ్న రాసే తీరులోనే ఫలితం ఉంటుంది. ‘బీమా కంపెనీకి ఎందుకు ఇచ్చారు?’ అని రాస్తే అది అభిప్రాయమని పక్కన పెడతారు. ‘కుటుంబానికి నిర్ణయించిన వార్షిక ప్రీమియం, ఒప్పందంలో ప్రీమియం వాపసు నిబంధన ఉన్న పేజీల నకళ్లు, మా జిల్లాలో ఫలానా తేదీల మధ్య వచ్చిన, ఆమోదించిన, తిరస్కరించిన అనుమతుల సంఖ్య’ అని రాస్తే అవి రికార్డులు, ఇవ్వాలి. వ్యాపార రహస్యమన్న సాకు చెప్పవచ్చు. ఆ సాకుకు ఆధారమైన సెక్షన్ 8(1)(డి)లోనే, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చని కూడా ఉందని అప్పీలులో గుర్తు చేయండి. ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలను ప్రభుత్వమే ముందుగా ప్రచురించాలన్న సెక్షన్ 4(1)(సి) కూడా మీకు తోడుగా ఉంది, దాన్ని చాలామంది వాడుకోరు.

సొంత పాలసీ తగాదా వేరే దారిలో వెళ్లాలి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెల రోజులు చూడాలి. ఆపైన ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) రుసుము లేకుండా రాసుకోవచ్చు, 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆయనకు ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలే గాక మన నడుమ ఉన్న యానాం కూడా ఆయన పరిధిలోనిదే.

సభ నడిపేటప్పుడు

నాట్ల రోజుల్లో, రొయ్యల పట్టుబడి రోజుల్లో సభ పెట్టకండి, ఎవరూ రారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారినీ, ఏఎన్ఎంనూ, ఆశా కార్యకర్తలనూ ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఆశా కార్యకర్తకు తెలిసినన్ని సంగతులు జిల్లా కార్యాలయానికి కూడా తెలియవు. ఆడవారు మాట్లాడేదాకా పెద్దల ఉపన్యాసాలు ఆపండి, ఎందుకంటే ఇంట్లో మందుల ఖర్చు లెక్క వారి దగ్గరే ఉంటుంది.

ఆ లెక్కే చర్చలో తప్పిపోతుంటుంది. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2021–22లో దేశం వైద్య వ్యయంలో 39.4 శాతం జనం తమ జేబులోంచే పెట్టుకున్నారు. పథకం ట్రస్టుదైనా, కంపెనీదైనా ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చునే చూస్తుంది. షుగరు, బీపీ బిళ్లలు, రక్తపరీక్షలు, డాక్టరు ఫీజు నెల నెలా ఇంటి మీదే పడతాయి. కార్డులో 25 లక్షలున్న కుటుంబం మందుల దుకాణంలో అప్పు పెట్టడానికి కారణం ఇదే. పరిమితి 2.5 లక్షలా, 25 లక్షలా అన్న తగువు కన్నా, విలేజ్ హెల్త్ క్లినిక్‌లో మందులు నెలలో ఎన్ని రోజులు నిండుకుంటున్నాయన్న ప్రశ్నకు ఎక్కువ సమయం ఇవ్వండి.

తీర్మానం పొడవుగా ఉండనక్కరలేదు. ఒప్పందం ప్రతిని గ్రామ సచివాలయంలో తెలుగులో అందుబాటులో ఉంచాలని, తిరస్కరణ కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని, జిల్లాలో అప్పీలు ప్రభుత్వ వైద్యుడు వినాలని, క్లినిక్‌లో మందుల నిల్వ పట్టిక గోడ మీద రాయాలని నాలుగు వాక్యాలు చాలు. మినిట్స్ పుస్తకంలో ఎక్కించి, హాజరైనవారి సంతకాలు తీసుకుని, నకళ్లు జిల్లా కలెక్టరుకు, ట్రస్టుకు, శాసనసభ్యుడికి స్పీడ్ పోస్టులో పంపి రసీదులు అదే పుస్తకానికి అంటించండి. తరువాతి గ్రామసభలో మొదటి అంశంగా ఆ రసీదుల తేదీలు చదివి, వచ్చిన జవాబు చదవమని కార్యదర్శిని అడగండి. రాకపోతే, రాలేదని ఆ పుస్తకంలోనే రాయించండి.